నడుము పైన నడిచే కథ

ఉత్తరాంధ్రలో బుర్రకథ ప్రస్తావన వస్తే గరివిడి లక్ష్మి పేరు రాకుండా ఉండదు. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి పక్కనున్న గరివిడి పేరు చెప్పగానే బయటివాళ్లకు ఫేకర్ వాళ్ల ఫెర్రో మాంగనీసు కర్మాగారం గుర్తొస్తుంది. చదువుకునే పిల్లలకు పశువైద్య కళాశాల గుర్తొస్తుంది. పండగపూట పందిరి ముందు చాప పరుచుకుని కథ విన్నవాళ్లకు మాత్రం అది ఒక కళాకారిణి ఇంటిపేరులా నిలిచిపోయిన ఊరు. నటి ఆనంది ప్రధాన పాత్రగా ఆ కళాకారిణి పేరుతోనే సినిమా తీస్తున్నారని 2025లో తెలిశాక, బుర్రకథ ఎప్పుడూ చూడని కుర్రకారు కూడా ఆ మాట పలుకుతున్నారు.

లక్ష్మి జీవితం గురించి తెలిసినవాళ్లు చెబుతారు. ఆమె చేపట్టిన విద్యలో ఒక పనితనం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బుర్రకథ బాగుందంటే గొంతు బాగుందంటారు, మాట పదునుగా ఉందంటారు, గజ్జె కదం తొక్కిందంటారు. మెడ గురించి, భుజాల గురించి, చూపు గురించి, ఊపిరి గురించి చెప్పేవాళ్లు తక్కువ. నాకు మాత్రం బుర్రకథలో అసలు శిల్పమంతా నడుము పైనే కనిపిస్తుంది. కాళ్లు తాళం చూసుకుంటాయి, కథను పైదేహం చూసుకుంటుంది. ఆ పైదేహానికి పలికే శక్తి వేదిక మీద పుట్టదు. రోజూ ఒకే అడుగు వేసి వేసి చేసే సాధనలోనే పుడుతుంది. ఈ వ్యాసంలో నేను చూపించాలనుకున్నది ఇదే.

కట్టుబడిన దేహం

ముందు కథకురాలి దేహంలో ఏది దేనికి అంకితమైందో చూద్దాం. కాళ్లకు గజ్జెలు. కథ మొదలైన దగ్గర్నుంచి మంగళం పాడేదాకా ఆ కాళ్లు లయ వదలకూడదు. నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి, దరువు మారినప్పుడు ఒక చుట్టు. భుజం మీద తంబురా. ఒక చేతి వేళ్లు దాని తీగ మీద ఉంటాయి. రెండో చేతికి అందెలు. లోపల గుళ్లు పోసిన ఆ బోలు లోహపు కడియాలు ఒకదానికొకటి తగిలి ఘల్లుమంటుంటే పాటకు నడక వస్తుంది. నోరు పాటకీ వచనానికీ అంకితం. ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు కథను వర్తమానంలోకి లాగి రాజకీయం చెబుతారు, ఇంకొకరు హాస్యం పండిస్తారు.

ఇన్ని పనులు పంచేశాక ఏం మిగిలింది? మెడ, కళ్లు, కనుబొమలు, గెడ్డం, ఛాతీ, రెండు భుజాలు, మణికట్లు. వీటితోనే రాజు రావాలి, రాణి రావాలి, సిపాయి రావాలి, వేగులవాడు రావాలి, కోట కూలాలి. నాటకంలో పదిమంది పంచుకునే పనిని ఇక్కడ ఒక్క మనిషి దేహంలో సగభాగం మొయ్యాలి. ఆ సగంలోనూ రెండు చేతులు పూర్తిగా ఆమెవి కావు.

ఈ ప్రాంతపు కళలన్నిటిలోనూ ఇలాంటి బిగింపు ఉండటం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తప్పెటగుళ్లలో రేకు తప్పెట గుండెకు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ ఎగురుతారు. జముకుల కథలో చేతులు జముకును వదలవు. చేతులు వాద్యానికిచ్చేసి, మిగిలిన దేహంతో భావం చెప్పడం ఇక్కడివాళ్లకు తరాలుగా అలవాటైన విద్య. బుర్రకథ ఈ నేలమీద అంత గట్టిగా వేళ్లూనుకోవడానికి ఆ అలవాటు కూడా తోడ్పడి ఉంటుందని నా నమ్మకం.

చేతి వెంట చూపు, చూపు వెంట జనం

మన శాస్త్రీయ నృత్యానికి ఆధారమైన అభినయదర్పణంలో నందికేశ్వరుడు తొమ్మిది శిరోభేదాలు, ఎనిమిది దృష్టిభేదాలు, నాలుగు గ్రీవాభేదాలు చెప్పాడు. భరతుడి నాట్యశాస్త్రంలో ఆ పట్టిక ఇంకా పెద్దది. పదమూడు శిరోభేదాలు, ముప్పయ్యారు దృష్టులు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఇవన్నీ వరసగా నేర్పుతారు. అక్కడ మూలసూత్రం ఒకటుంది: చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి, చూపు వెంట మనసు, మనసు వెంట భావం.

బుర్రకథకు వచ్చేసరికి ఆ వరసలో మొదటి మెట్టే లేదు. చెయ్యి తంబురా దగ్గర ఉండిపోయింది. అందుకని చూపే ముందు నడవాలి. కోట అక్కడుందని చెప్పడానికి చెయ్యి చాపే వీలు లేనప్పుడు, కథకురాలు జనం తలల మీదుగా దూరాన ఒక చోట చూపు నాటుతుంది. ఆ చోటు మళ్లీ మారకూడదు. గంట తర్వాత కోట ప్రస్తావన వచ్చినా చూపు సరిగ్గా అక్కడికే వెళ్లాలి. మంచి కథకురాలు కోట వైపు చూసినప్పుడు వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు మెడ తిప్పి వెనక్కి చూడటం పల్లెల్లో కథ విన్నవాళ్లకు తెలియని విషయం కాదు. చీకట్లో అక్కడ చింతచెట్టు తప్ప ఏమీ ఉండదు. అయినా చూస్తారు. ఒక్క చూపుతో అంత పని జరిగింది.

కొత్తగా నేర్చుకునేవాళ్ల దగ్గర సరిగ్గా ఇదే లోపిస్తుంది. వాళ్ల చూపు మూడు చోట్ల తిరుగుతుంది: అడుగు తప్పుతుందేమోనని నేల మీద, మాట తప్పుతుందేమోనని పందిరి కప్పు మీద, దరువు తప్పుతుందేమోనని వంత మొహం మీద. నేర్పేవాళ్లు మొట్టమొదట సరిదిద్దాల్సింది దీన్నే. నేల చూడొద్దు, కాలిని కాలికే వదిలెయ్యి, జనాన్ని చూడు అని చెప్పాలి. ఇది ధైర్యానికి సంబంధించిన సలహాలా వినిపిస్తుంది గానీ నిజానికి సాంకేతికమైన మాట. కాలి మీద నుంచి మనసు తీసేస్తే గానీ మెడకు విడుదల లేదు.

వంత అందుకున్నాక

బుర్రకథ నిర్మాణంలో ఒక చక్కని సౌకర్యం ఉంది. కథకురాలు చరణం పాడి వదులుతుంది, వంతలు అందుకుంటారు. వాళ్లు పాడే ఆ కాసేపు ఆమె నోటికి పని లేదు. కాళ్లు మాత్రం నడుస్తూనే ఉంటాయి, అందెలు మోగుతూనే ఉంటాయి. సాధారణ కళాకారులకు అది ఊపిరి తీసుకునే విరామం. మంచి కళాకారులకు అది అభినయానికి దొరికిన జాగా.

పాడుతున్నప్పుడు మొహం అక్షరాలకు లోబడి ఉంటుంది. 'ఆ' అనాలంటే నోరు తెరవాలి, 'ఊ' అనాలంటే పెదవులు ముడవాలి. ఆ మొహంలో దుఃఖమో కోపమో ఎంతైనా సగమే పలుకుతుంది. వంత అందుకున్న క్షణంలో మొహం మొత్తంగా కథకురాలిది అవుతుంది. అప్పటిదాకా మాటగా చెప్పింది ఇప్పుడు మనిషిగా కనిపిస్తుంది. విషయం చెవికి ముందు, కంటికి ఆ తర్వాత అందుతుంది కాబట్టి విన్నవాళ్లు దాన్ని రెండుసార్లు అనుభవిస్తారు. ఆ ఖాళీని వాడుకోవడం తెలిసిన కళాకారిణికీ తెలియని కళాకారిణికీ తేడా గొంతులో దొరకదు.

ఊపిరి సంగతి ఇక్కడే చెప్పాలి. నర్తకికి ఛాతీ భావం కోసం ఉంటే చాలు. బుర్రకథ చెప్పేవాళ్లకు అదే ఛాతీ గొంతుకు తిత్తి కూడా. ఆవేశం చూపించాలని భుజాలు పైకెత్తి బిగిస్తే మెడ నరాలు బిగుసుకుంటాయి, పై స్థాయి అందదు, గొంతు గీరుకుపోతుంది. కాబట్టి ఎంత వీరరసం ఉప్పొంగినా భుజాలు చెవుల వైపు పోకూడదు. ఛాతీ వెడల్పుగా తెరుచుకోవాలి, వీపు నిటారుగా నిలవాలి, మెడ మాత్రం తేలిగ్గా తిరగాలి. తంబురా బరువు ఒక్క భుజం మీదే పడుతున్నా రెండో భుజం దానికి సమంగా ఉండాలి. బిడ్డను చంకనేసుకుని ఇంటిపనులన్నీ చేసుకునే తల్లికి ఆ బరువు ఎలా ఒంట్లో భాగమైపోతుందో, సాధన పండిన కథకురాలికి తంబురా అలా ఒంట్లో కలిసిపోతుంది. చూసేవాళ్లకు ఆ బరువు కనపడదు, కథకు అవసరమైనప్పుడు తప్ప.

కమ్మీ పట్టుకున్న చెయ్యి

ఈ పనితనాన్ని అర్థం చేసుకోవడానికి నాకు బాగా ఉపకరించింది ఎక్కడో యూరప్‌లో పుట్టిన బ్యాలే సాధన. బ్యాలే నేర్చుకునేవాళ్లు రోజూ గోడవారన నడుము ఎత్తున ఉండే ఒక అడ్డకమ్మీని ఒక చేత్తో పట్టుకుని సాధన మొదలుపెడతారు. దాన్ని బార్ అంటారు. మోకాళ్లు వంచి లేవడం, పాదం నేలకు రాస్తూ చాపడం, కాలు గాల్లో గుండ్రంగా తిప్పడం, ఇలా అవే కసరత్తులు ఏళ్ల తరబడి. ప్రపంచ ప్రసిద్ధి పొందాక కూడా పొద్దున్నే లేచి అదే కమ్మీ పట్టుకోవాల్సిందే.

చూడ్డానికి అది కాళ్ల సాధన. కానీ కమ్మీ పట్టుకోని రెండో చెయ్యి ఆ సమయంలో ఖాళీగా ఉండదు. ప్రతి కాలి కదలికతో పాటు అది తెరుచుకుంటుంది, పైకి లేస్తుంది, దిగుతుంది. చేతుల ఈ నడకను పోర్ ద బ్రా అంటారు. తల ఆ చేతిని అనుసరిస్తుంది. భుజాలు కొద్దిగా మెలి తిరిగి దేహానికి లోతు తెస్తాయి. ఆ మెలికకు ఎపోల్మాఁ అని పేరు. రష్యాలో బ్యాలే శిక్షణను ఒక పద్ధతిలో పెట్టి, 1934లో దాన్ని పుస్తకంగా అచ్చువేసిన అగ్రిపినా వాగనోవా (1879–1951) దేహమంతా కలిసి పనిచెయ్యాలని పట్టుబట్టింది. చేతులు, వీపు అలంకారానికి కావనీ, గాల్లోకి ఎగరడానికీ గిర్రున తిరగడానికీ బలం ఇచ్చేవి అవేననీ ఆమె పద్ధతి చెబుతుంది.

అక్కడా కొత్తవాళ్ల తప్పులు ఇవే. కాలి మీద ధ్యాసతో మొహం గడ్డకట్టుకుపోతుంది, భుజాలు చెవుల దాకా పాకుతాయి, కమ్మీని గుప్పిటతో పిసికేస్తారు, వేళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. ముందు కాళ్లు కుదరనీ, అందం తర్వాత అద్దుకోవచ్చు అనుకునేవాళ్లకు ఆ అందం ఎప్పటికీ రాదు. మొహం లేకుండా చేసిన సాధన, మొహం లేని నాట్యాన్నే దేహానికి నేర్పుతుంది. అందుకే మంచి గురువులు మొదటి కసరత్తు నుంచే ఊపిరితో, చూపుతో, సంగీతం వింటూ చేయమంటారు.

బుర్రకథలో తంబురా సరిగ్గా ఆ కమ్మీ పని చేస్తుంది. ఒక చేతిని బంధిస్తుంది, దేహానికి ఒక ఇరుసు ఇస్తుంది, మిగిలినదాన్ని పలికించమని సవాలు విసురుతుంది. తేడా ఏమిటంటే బ్యాలే నర్తకి సాధన ముగించి కమ్మీని వదిలేసి వేదిక మధ్యకు వెళుతుంది. బుర్రకథ కళాకారిణి తన కమ్మీని భుజాన వేసుకునే వేదిక ఎక్కుతుంది. బంధం ఆమెకు సాధనతో తీరదు, ప్రదర్శనలోనూ ఉంటుంది. అందుకే ఆమె పైదేహం మీద నాకు అంత గౌరవం.

బ్యాలేలోనూ ఈ బిగింపునే కళగా మార్చిన సందర్భం ఉంది. మిఖాయిల్ ఫోకిన్ 20వ శతాబ్ది తొలి ఏళ్లలో అన్నా పావ్లోవా కోసం కూర్చిన 'మరణించే హంస'లో కాళ్లు దాదాపు మొదటినుంచి చివరిదాకా మునివేళ్ల మీద సన్నని చిన్న అడుగులే వేస్తాయి. పెద్ద గెంతులు లేవు, గిరికీలు లేవు. హంస ప్రాణం విడవడమంతా చేతుల్లో, వీపులో, మెడ వంపులో జరుగుతుంది. కాలు ఒకే పని చేస్తూ ఉంటే పైదేహం ఎంత చెప్పగలదో ప్రపంచానికి చూపించిన నాట్యమది. గజ్జెకట్టిన మన కథకురాలు మూడు గంటలు చేసేదీ ఆ జాతి పనే, పైగా పాడుతూ.

రాజాంకి కబురొచ్చిన ఘట్టం

ఒక్క ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. బొబ్బిలి కథ ఈ జిల్లాలో ఇరుగుపొరుగు కథ. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట పడిపోయింది. ఆ వేళ బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. రాజాం గరివిడికి ఎంతో దూరం లేదు. ఈ కథ వినే జనంలో అటు బొబ్బిలి అభిమానులూ ఉంటారు, ఇటు విజయనగరం అభిమానులూ ఉంటారు. కథకురాలు ఎవరినీ చిన్నబుచ్చకుండా ఇద్దరు రాజులనూ ఒకే ఒంట్లో నిలబెట్టాలి. భుజాలు ఒక పక్కకు తిరిగితే బొబ్బిలి, మరో పక్కకు తిరిగితే విజయనగరం. నడుము కింద ఏ మార్పూ ఉండదు.

కోట పతనమైందన్న కబురు పాపారాయుడికి చేరే ఘట్టం సమర్థుల చేతిలో పడితే ఇలా సాగుతుంది. వేగులవాడుగా చెప్పేటప్పుడు ఛాతీ కొంచెం లోపలికి పోయి, గెడ్డం దిగి, కళ్లు మాత్రం పైకి చూస్తాయి. పెద్దవాడి ముందు నిలబడి చెప్పకూడని మాట చెబుతున్న మనిషి అతను. చరణం చివర భుజాలు తిరుగుతాయి. ఇప్పుడు పాపారాయుడు. గెడ్డం సమంగా ఉంటుంది, చూపు కాస్త కిందికి, ఆ వేగులవాడు నిలబడ్డ చోట పడుతుంది. వంతలు అందుకుంటారు. కాళ్లు నడుస్తూనే ఉంటాయి.

ఇక అసలు పని. ముందు రెప్పలు ఆగుతాయి. మాట విన్నాడు గానీ ఇంకా లోపలికి దిగలేదు. తర్వాత మెడ అర అంగుళం పక్కకు తిరుగుతుంది, బొబ్బిలి ఉన్న వైపుకి. గంట క్రితం ఆమె చూపు నాటిన ఆ చోటికే. తర్వాత ఊపిరి వదులుతుంది, ఛాతీ దిగుతుంది. ఆ తర్వాత తంబురా ఉన్న భుజం వాలుతుంది. ఇందాకటినుంచి కనపడని బరువు ఇప్పుడు కనపడుతుంది. చివరగా అందెల చెయ్యి ఒక్క దెబ్బ వదిలేస్తుంది. అంతసేపూ మోగిన ఘల్లు ఆ ఒక్క చోట వినపడదు. జనానికి ఏం ఆగిందో తెలియదు, ఏదో ఆగిందని మాత్రం గుండెకు తెలుస్తుంది. వచనం అప్పుడు మొదలవుతుంది, తగ్గిన స్వరంలో.

కళ్లు, మెడ, ఊపిరి, భుజం, చెయ్యి. ఈ వరసలోనే పనితనమంతా ఉంది. నిజమైన దుర్వార్త విన్న మనిషి ఒంట్లో కదలిక అదే వరసలో నడుస్తుంది, లోపలినుంచి బయటికి. అనుభవం లేనివాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. ముందు చెయ్యి లేస్తుంది, వెంటనే గొంతు కేకేస్తుంది, మొహం చివరికి వస్తుంది, అదీ వస్తే. వరస సరిగ్గా పడాలంటే ఒక్కో భాగం విడివిడిగా కదలగలగాలి. మెడ తిరిగినప్పుడు భుజం తోడు పోకూడదు, భుజం వాలినప్పుడు కాలి లయ చెడకూడదు. రోజూ చేసిన సాధన ఈ ఒక్క నిమిషంలో ఖర్చవుతుంది.

నాజర్ చూపిన దారి, దాసుగారి నేల

బుర్రకథకు ఈ అభినయ గౌరవం తెచ్చినవాళ్లలో మొదట చెప్పాల్సింది షేక్ నాజర్ (1920–1997) గురించి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, ప్రజానాట్యమండలి ద్వారా పల్లెపల్లెకూ బుర్రకథను తీసుకెళ్లిన నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఉంది. అందరూ దాన్ని పాట కోసం వింటారు. ఒకసారి శబ్దం పూర్తిగా ఆపేసి చూడమని నా మనవి. మాట లేకపోయినా ఎవరు మన్యం వీరుడో, ఎవరు అధికారో, ఎక్కడ భయమో, ఎక్కడ ఎదురుతిరగడమో తెలిసిపోతుంది. భుజాలు తిరిగిన దిక్కు, గెడ్డం ఎత్తు, కళ్ల పదును ఆ కథను సగానికి పైగా చెప్పేస్తాయి. సాధన చేసే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఉత్తరాంధ్రకు వస్తే ఈ విద్యకు ఇంకో మూలపురుషుడు కనిపిస్తాడు. ఆయన బుర్రకథ చెప్పలేదు, హరికథ చెప్పాడు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) అజ్జాడలో పుట్టారు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, నోట పాట, మొహాన అభినయం, అన్నీ ఒక్కరే. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు తాళాలు, తలతో ఐదో తాళం ఏకకాలంలో నడిపించిన మనిషిగా ఆయన పేరు మోగింది. లయబ్రహ్మ, పంచముఖీ పరమేశ్వర అన్న బిరుదులు అలా వచ్చినవే. ఆ ఘనతను లెక్కల విద్యగా మెచ్చుకుంటారు. నాకు దాంట్లో కనిపించేది దేహం మీద అధికారం. ఐదు అంగాలు ఒకదాని జోలికొకటి పోకుండా ఐదు పనులు చెయ్యగలిగితే, వాటిలో దేన్నైనా ఎప్పుడైనా తాళం నుంచి తప్పించి భావానికి ఇవ్వవచ్చు. పండిత హరికథకూ పల్లె బుర్రకథకూ మధ్య ఎంత దూరం ఉందనుకున్నా ఈ శిక్షణ దగ్గర రెండూ ఒకే బడిలో కూర్చుంటాయి.

ఆడమనిషి భుజాన తంబురా

తంబురా భుజాన వేసుకుని వీరగాథ చెప్పడం చాలాకాలం మగవాళ్ల పనిగానే సాగింది. 1940ల్లో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం వంటివాళ్లు మహిళా బుర్రకథ దళం కట్టి వేదికలెక్కారు. ఛత్తీస్‌గఢ్‌లో తీజన్ బాయి కథ కూడా ఇలాంటిదే. పాండవుల కథను పాడి చెప్పే పాండవానిని ఆడవాళ్లు కూర్చునే చెప్పాలన్న ఆచారాన్ని దాటి, నిలబడి చెప్పే కాపాలిక శైలిలో తంబురా పట్టుకుంది. ఆమె చేతిలో ఆ తంబురాయే భీముడి గద, అర్జునుడి విల్లు. 2019లో పద్మవిభూషణ్ అందుకుంది.

ఆడవాళ్లు ఈ విద్యలోకి వచ్చాక పైదేహపు భాషకు ఏదో కొత్తదనం వచ్చిందని నాకనిపిస్తుంది. మగ కథకుడు రాణి పాత్రకు వచ్చినప్పుడు గొంతు మార్చి, మెడ వంచి సూచనగా దాటిపోతాడు. కథకురాలు చెబుతుంటే బొబ్బిలి రాణి మల్లమ్మదేవి పూర్తి మనిషిగా వస్తుంది. ఆ వెంటనే అదే ఒంట్లోంచి పాపారాయుడు లేవాలి. కొంగు నడుముకు బిగించిన ఆడమనిషి మీసం లేకుండా, కత్తి లేకుండా, ఛాతీ తెరుచుకున్న తీరుతో, గెడ్డం నిలిపిన తీరుతో ఆ వీరుణ్ని నమ్మించాలి. నమ్మించగలిగిన చోట జనం ఆడా మగా తేడా మర్చిపోతారు. ఊరి పేరు ఇంటిపేరైన కళాకారిణులకు ఆ పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు కావలసింది

బుర్రకథ నేర్పే చోట ఇప్పుడు ఎక్కువగా కాగితం మీది కథనీ, వరసనీ నేర్పుతున్నారు. అక్షరం ముఖ్యమే. కానీ కాగితం చేతికి ఇచ్చిన రోజే తంబురా భుజాన వెయ్యాలి. గజ్జె కట్టిన రోజే చూపు ఎక్కడ నాటాలో చెప్పాలి. అడుగు కుదిరాక అభినయం చూద్దామనుకుంటే ఆ తర్వాత ఎన్నటికీ రాదన్న సంగతి బ్యాలే గురువులు కమ్మీ దగ్గర నేర్పుతున్నదే, మన పాత దళాల పెద్దలకూ తెలిసినదే.

మైకు సంగతి కూడా ఆలోచించాలి. మైకు స్టాండు వచ్చాక నాలుగడుగుల నడక రెండడుగులకు కుదించుకుపోయింది. నోరు మైకుకు కట్టేసినట్టయింది, మెడ తిరిగితే గొంతు వినపడదు. చెంపకు అంటిపెట్టుకునే చిన్న మైకులు ఇప్పుడు దొరుకుతున్నాయి. పండగ కమిటీలు దీపాల తోరణాలకు పెట్టే ఖర్చులో కొంత వీటికి పెడితే కథకురాలి మెడకు స్వేచ్ఛ తిరిగి వస్తుంది.

మూడోది, రికార్డింగు. కథలు వినడానికి దొరుకుతున్నాయి, చూడ్డానికి దొరికినవాటిలో చాలా భాగం దూరాన పెట్టిన ఒక్క కెమెరాతో తీసినవే. కళ్లు కనపడవు. పెద్దవయసు కళాకారులు ఇంకా కథ చెప్పగలిగిన రోజుల్లోనే ఒక కెమెరా మొహం మీద, ఒకటి నిలువెత్తు దేహం మీద పెట్టి, వంత అందుకున్న సమయాన్ని కోత పెట్టకుండా తీసి దాచాలి. విజయనగరంలో సంగీత నృత్య కళాశాల ఉంది, గరివిడి చుట్టుపక్కల కథ తెలిసిన జనం ఉన్నారు. పాటను కాపాడుకున్నాం అనుకుని మనం సంతోషపడుతున్న చోట సగం కథే మిగిలింది. మిగతా సగం ఆ మెడలోనూ, ఆ చూపులోనూ ఉంది. నేర్పగలిగినవాళ్లు ఉండగానే దాన్ని నేర్చుకోవడం మన పని.